అంచు సవరణ

బాబాయి ఆ పాత కొక్కేన్ని జేబురుమాలుతో తుడిచి, కంప్యూటరు పక్కన పెట్టి, అప్పుడు మీట నొక్కాడు. రోజూ అంతే. ఆఫీసులో అందరికీ ఆయన బిందువుల బాబాయి. ఇనుప ముక్కను తెర మీద వేలాది బిందువులుగా పరిచి, ప్రతి బిందువుకీ చుట్టుపక్కల వాటితో బంధాలు వేసి, బరువు మోపి లాగుతాడు. లాగుడు హద్దు మీరితే బంధం తెగుతుంది. తెగినవన్నీ వరస కడితే అదే పగులు.

"మన చుట్టాల లెక్కే కదమ్మా. తెగాక మళ్ళీ అతకదు," అనేవాడు పక్కసీటు కొత్తమ్మాయితో.

ఈ లెక్కలో ఒక పేచీ ఉంది. అంచున ఉన్న బిందువుకి ఒకవైపు చుట్టాలే ఉండరు. అందుకని అది ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చే సవరణ వెయ్యకపోతే లెక్క పగులును అంచునే చూపిస్తుంది. వయసులో ఉండగా బాబాయి ఒకసారి వెయ్యలేదు. క్రేను దూలానికి అంచు మందం పెంచితే చాలన్నాడు. దూలం లోపలి బెజ్జం దగ్గర విరిగింది. దానికి నడుము బెల్టు తగిలించుకుని పనిచేస్తూ, దాంతోపాటే పడి చనిపోయిన వెల్డరు ఆయన సొంత తమ్ముడు.

"అన్నయ్య చూశాడుగా, ఇంక భయం దేనికి?" అంటూ ఎక్కాడట. ఆ మాట బాబాయి చెవిలో ఇల్లు కట్టుకుని కూర్చుంది. పెళ్ళి మాటెత్తినవాళ్ళని కూడా అదే తరిమేసింది.

ఇవాళ వేరే ఫ్యాక్టరీది, అలాంటి దూలమే. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. గ్యాసేలే అనుకున్నాడు. తెర మీద పగులు అంచున మొదలైంది.

"మందం పెంచమందాం. అప్పుడే మనుషుల్ని ఎక్కిస్తున్నారట," అన్నాడు మేనేజరు.

బాబాయి తెర మీదికి వంగాడు. అదే బొమ్మ. అదే చోటు.

"బాబాయ్, అంచు సవరణ వేశారా?" కొత్తమ్మాయి మెల్లగా అడిగింది.

వెయ్యలేదు. జీవితమంతా దానికే కాపలా కాసినవాడు, ఇవాళ వెయ్యలేదు!

"నువ్వెయ్యి తల్లీ. నా చేతులు ఆగట్లేదు."

ఆమె వేసింది. ఈసారి అంచు నిలబడింది. లోపల, బెజ్జం చుట్టూ, బంధాలు ఒక్కొక్కటే ఎర్రబడి తెగసాగాయి.

"ఇందాక అంచన్నారు, ఇప్పుడు బెజ్జమంటున్నారు. అరగంటకో మాటా?" మేనేజరు విసుక్కున్నాడు. బాబాయి అప్పటికే ఫోనందుకున్నాడు.

"దింపెయ్యండి బాబూ, అందర్నీ. నన్ను తర్వాత తిట్టుకుందురు గాని, ముందు దింపండి."

ఫోను చేతిలోంచి జారింది. కొత్తమ్మాయి అందుకుని విన్నది. బాబాయి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"వాడు దిగాడా?"

ఎవరని ఆమె అడగలేదు. "అందరూ దిగారట బాబాయ్."

ఆయన ముఖంలో బిగువు సడలింది. ఆమె పరుగున మంచినీళ్ళు తెచ్చేసరికి ఊపిరి లేదు.

సాయంత్రం వచ్చిన చుట్టాలు ఆయన సంచీ, కళ్ళజోడు పట్టుకెళ్ళారు. తమ్ముడి బెల్టు కొక్కెం మాత్రం కంప్యూటరు పక్కనే ఉండిపోయింది, నిగనిగలాడుతూ, ఎక్కడా చెక్కు చెదరకుండా.