ఏమీ చేయని కోడ్

బస్సుల టైంటేబుల్ పుస్తకం సాయంత్రానికి ప్రెస్సుకు వెళ్లాలి. కంప్యూటర్ మాత్రం పేజీలను నత్తనడకన వదులుతోంది.

"మధ్యాహ్నం దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే మీ కోడ్ తీసేసి, ఆ కాలమ్ లేకుండానే అచ్చేయిద్దాం" అని మేనేజరు ఆ కోడ్ రాసినామె ముఖం మీదే చెప్పేశారు.

ఆ కాలమ్ ఆమెకు ప్రాణం. ఒక బస్సు దిగినవాళ్లు తర్వాతి బస్సు కోసం ఎంతసేపు నిలబడాలో చెప్పేది అదొక్కటే. సమాచారాన్ని పేజీలుగా మలిచే స్టైల్‌షీట్‌కు అర్ధరాత్రి దాటే బస్సుల లెక్క కొరుకుడు పడలేదు. అందుకే ఆమె విడిగా కోడ్ రాసింది. స్టైల్‌షీట్ రాసినావిడ పక్క కుర్చీలోనే ఉంది. ఆమెకు స్వయానా వదిన.

"నా స్టైల్‌షీట్ నిక్షేపంగా పరిగెత్తేది. నీ కోడ్ వచ్చాకే కాళ్లీడుస్తోంది" అంది వదిన.

"వారాల తరబడి చెక్కుతూనే ఉన్నాను వదినా! ఇంకా చెక్కితే ఏమీ మిగలదు."

"మిగలకపోతే ఏమవుతుందో చూద్దాం. పోయేదేముంది?"

అది ఎత్తిపొడుపే. అయినా మరదలు ఉలిక్కిపడింది. ఇన్నాళ్లూ ఇద్దరూ వాదించుకున్నారే తప్ప ఈ పరీక్ష పెట్టలేదు! గబగబా కోడ్‌లోని లెక్కంతా తీసేసింది. ఇక అది ఏమడిగినా సున్నా అంటుంది, అంతే.

పేజీల నడక ఏమాత్రం మారలేదు.

"వదినా, ఇటు చూడు! ఏ పనీ చేయకపోయినా అంతే ఆలస్యం!"

"అంటే తప్పు నాదంటావా?"

"నీదీ కాదు, నాదీ కాదు. రాకపోకలది! నీ స్టైల్‌షీట్ ప్రతి వరుసకూ వచ్చి నా కోడ్ తలుపు తడుతోంది. వివరాలు నా కోడ్‌కు తగ్గట్టు మార్చాలి, జవాబు మళ్లీ నీకు తగ్గట్టు మార్చాలి. లెక్కకన్నా ఈ మర్యాదలకే ఎక్కువ సమయం పోతోంది."

"అయితే ఒక్కసారే వస్తాను. పుస్తకమంతా మూటగట్టి!"

మూట లోపలికి వెళ్లింది. మెమరీ నిండిపోయి తెర బిగుసుకుపోయింది. అవతల మేనేజరు కుర్చీలోంచి లేచారు.

"రూటుకో మూట!" ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

ఈసారి పేజీలు బిరబిరా వచ్చిపడ్డాయి. వదిన చప్పట్లు కొట్టింది. మేనేజరు తెర మీదకు వంగి, కనుబొమలు ముడిచారు.

"ఎక్కడ దిగినా ఎదురుచూపు సున్నాయేనా? మన బస్సులు ఎప్పుడింత బాగుపడ్డాయమ్మా?"

మరదలు నాలుక కరుచుకుంది. సంబరంలో లెక్కను తిరిగి పెట్టడమే మరిచింది! వెంటనే పెట్టి, మళ్లీ నడిపింది. వేగం తగ్గలేదు. ఆమె చూపు తిన్నగా అర్ధరాత్రి వరుస మీదకు పరిగెత్తింది: ఒక బస్సు పదకొండూ యాభైకి చేరుతుంది, తర్వాతిది పన్నెండూ పదికి కదులుతుంది.

పక్కన ఆ కాలమ్‌లో ఇరవై నిమిషాలు.