ట్యాంకులో సాలెగూళ్లు

"సబ్బు చేత్తోనే నీళ్లలో చెయ్యి పెట్టుంటావు. ఇంకేముంటుంది?"

మా ఆయన ఆ మాట అనడం పొద్దుటినుంచి అది మూడోసారి. హాల్లో ఉన్న ఉప్పునీళ్ల ట్యాంకులో పగడాలు ముడుచుకుపోయి పదకొండు రోజులైంది. పువ్వుల్లా విచ్చుకుని ఊగాల్సినవి మూసిన పిడికిళ్లలా ఉన్నాయి. సాయంత్రం అయిదింటికి అక్వేరియం క్లబ్బు ప్రెసిడెంటు వ్యాను వేసుకుని వస్తున్నాడు. చేపలు, రాళ్లు, ప్రాణమున్న పగడాలు అన్నీ తీసుకెళ్లిపోతాడు. "నీ చేతిలో ఉంటే మిగిలినవీ చస్తాయి" అని నాతో అని, మా ఆయనే ఆయనకి ఫోన్ చేశాడు. అప్పుడు టైము మూడున్నర. నాకు గంటన్నర ఉంది.

"రూమ్ స్ప్రే కొట్టావేమో అమ్మాయ్. నిన్న ఏదో ఘాటు వాసనొచ్చింది" అంది అత్తయ్య సోఫాలోంచి.

"అది మీ మోకాళ్ల ఆయింట్‌మెంటు అత్తయ్యా."

ఆవిడ తన మోకాలు వాసన చూసుకుంది.

సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. మా ఇంట్లో సొమ్మూ సోకూ ఆయనవే, చాకిరీ నాది. ట్యాంకు మా ఆయన కొన్నాడు. ఇంటికొచ్చినవాళ్లు "మీ ఓపికకి దండం సార్" అని ఆయనకే చెబుతారు. నేను వెనక టీ ట్రేతో నిలబడి ఉంటాను. పొద్దున్నే ఆవిరైపోయినన్ని నీళ్లు మళ్లీ పోసేది నేను. అద్దం మీద పాచి గీకేది నేను. ఆదివారం ఆదివారం అరవై లీటర్ల ఉప్పునీళ్లు కలిపేదీ, ముక్కు మూసుకుని, నీళ్లలో మురికి నురగై చేరే గిన్నె కడిగేదీ నేనే. అయినా నిజం చెప్పాలంటే నాకేమీ కష్టంగా ఉండేది కాదు. ఇంట్లో ఎవరూ లేవకముందు ఆ అరగంట నాది. నీళ్లలో చెయ్యి పెట్టగానే రాతి సందులోంచి ఎర్రచారల రొయ్య ఒకటి బయటికొచ్చి, నా గోళ్లలో మురికి ఏరి శుభ్రం చేసి వెళ్లేది. ఆ ఇంట్లో నాకు సేవ చేసే ప్రాణి అదొక్కటే. దాన్నీ ఇప్పుడు వ్యానులో పంపించేస్తారట.

అందుకని ఏడుపు పక్కనపెట్టి ఆలోచించడం మొదలుపెట్టాను. నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్ని. రోజంతా కళ్లతో వెతకడమే నా ఉద్యోగం. సబ్బో స్ప్రేయో అయితే అందరికంటే ముందు పోవాల్సింది రొయ్య. అది హాయిగా తిరుగుతోంది. నీళ్లు మా ఆయన నాలుగుసార్లు పరీక్ష చేశాడు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అంటే విషం కాదు. పగడాలను ఏదో కెలుకుతోంది.

పంపులు ఆపేశాను.

"ఏం చేస్తున్నావ్?"

"చూస్తున్నాను."

"చూస్తే విచ్చుకుంటాయా?"

నీళ్లు కదలడం ఆగాక టార్చి పక్కనుంచి వేశాను. అప్పుడు కనబడ్డాయి. సన్నటి జిగురు పోగులు. ఒక రాతినుంచి ఇంకో రాతికి, పగడం మీదుగా అద్దం దాకా, పాడుబడ్డ ఇంట్లో సాలెగూళ్లలా. ఇన్నాళ్లూ పంపుల జోరులో అవి కంటికి ఆనలేదు. ఊపిరి బిగబట్టి చూస్తుంటే ఒక పోగు నెమ్మదిగా కదిలింది. బావిలోంచి తాడు చేదుతున్నట్టు ఎవరో దాన్ని లోపలికి లాక్కుంటున్నారు. పోగు వెంటే టార్చి నడిపించాను. చివర రాతికి అతుక్కుని, పెన్ను రీఫిల్ అంత లావు గట్టి గొట్టం. దాని పక్కన ఇంకొకటి. ఆ పక్కన ఆరు.

పట్టకారుతో ఒకదాన్ని విరిచి సాసర్లో వేసి భూతద్దం పెట్టాను. గొట్టంలోంచి రెండు నల్లటి కొమ్ములు బయటికొచ్చి, నన్ను చూసినట్టే లోపలికి పోయాయి. నత్త. నడవని నత్త. ఉన్నచోటునుంచే వల విసిరి, అందులో పడ్డ తిండిని వలతో సహా లాక్కుని తింటుంది. కూర్చున్నచోటికే అన్నీ రావాలి దానికి. అలాంటివాళ్లను నేను చూడకపోలేదు. దాని వల రాసుకుని పగడాలు చిరాకుతో ముడుచుకుంటున్నాయి, అంతే.

నడవలేని నత్త దానంతటది మా హాల్లోకి రాదు. దేన్నో ఎక్కి వచ్చింది. పగడాలు అంటించే జిగురు ట్యూబు తెచ్చుకుని, గొట్టాల నోళ్లు ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్లాను. వెళ్లేకొద్దీ అవి ఒక మూలకి చిక్కబడ్డాయి. అక్కడ నారింజరంగు పగడం ఒకటి ఉంది. ముడుచుకుపోవడంతో దాని అడుగు మొదటిసారి బయటపడింది. అడుగున పగడాన్ని అంటించి ఉన్న బిళ్ల బూడిద రంగు. దాని చుట్టూ అన్నిటికంటే ముదురు గొట్టాలు.

నా చెయ్యి ఆగిపోయింది. ఈ ఇంట్లో నేను పెట్టిన నియమం ఒక్కటే. కొత్త పగడం ఏదొచ్చినా ముందు పదిహేను రోజులు బాల్కనీలో బకెట్లో ఉండాలి. ఆ తర్వాత దాన్ని కొట్టువాడి బిళ్లమీంచి కోసి, నేను చేసిన తెల్ల బిళ్లకు అంటించి పెట్టాలి. పురుగూ పుట్రా దాక్కునేది బిళ్లలోనే. ట్యాంకులో పంతొమ్మిది పగడాలుంటే పద్దెనిమిదికి తెల్ల బిళ్లలే. ఈ పంతొమ్మిదోది మా చెల్లి పురిటికని నేను మూడు వారాలు వెళ్లినప్పుడు వచ్చింది. "నువ్వు చెప్పినట్టే బకెట్లో పెట్టి, బిళ్ల కోసి మరీ పెట్టాను" అన్నాడు మా ఆయన. నా మాట విన్నాడన్న సంతోషంలో నేను కిందికి వంగి చూడనేలేదు.

దాన్ని బయటికి తీసి సాసర్లో పెడుతుండగా కాలింగ్ బెల్ మోగింది.

ప్రెసిడెంటు రెండు డబ్బాలు కింద పెట్టి, ట్యాంకు ముందు గొంతుకూర్చుని చూసి నవ్వాడు. "గొట్టం నత్తలండీ ఇవి. వీటికోసం ట్యాంకు ఎత్తేస్తారా? ఎలకకి భయపడి ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. మూతికో చుక్క జిగురు పెడితే చాలు. అదిగో, చెల్లెమ్మ సగం మూసేసింది కూడా." సాసర్ తీసుకుని బిళ్ల తిప్పి చూశాడు. "ఇదిగో, దీనిమీదే వచ్చాయి. దీన్ని ఇలాగే తెచ్చి ట్యాంకులో పెట్టిందెవరు?"

మా ఆయన నావైపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. పాలు పొంగినా, తాళంచెవి పోయినా, కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినా వచ్చే చూపు అది. ల్యాబులోనూ అంతే. స్లైడులో నేను పట్టుకున్నది డాక్టరుగారి చురుకుదనం, దొరకనిది నా అజాగ్రత్త. "నేనే అయ్యుంటాను, సారీ" అనేస్తే రెండుచోట్లా గొడవ అక్కడితో అయిపోయేది. అనడానికి ఖర్చేముంది అనుకునేదాన్ని.

"నువ్వే చూసుకోలేదేమోలే అమ్మాయ్" అంది అత్తయ్య మెత్తగా. "సరే అనెయ్, ఆయన వెళ్లాలిగా."

తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాను. కోపమేమీ రాలేదు. హాయిగానే ఉంది.

"ఈయనే" అన్నాను మా ఆయన్ని చూపిస్తూ. "కొట్టువాడి బిళ్ల కూడా కొయ్యకుండా పెట్టారు."