వేలు చూపించిన చోట

రుబార్బ్ కాడలు తరుగుతుంటే వెనకనుంచి మా ఆయన వెర్నన్ అన్నాడు. "నీ రిటైర్మెంట్ డబ్బు స్కాలర్‌షిప్ కోసమని యూనివర్సిటీకి రాసిస్తావా? మతి పోయిందా మార్లిస్? వాళ్లకేం తక్కువ?"

పళ్ల డాక్టరు దగ్గర ఫోన్లెత్తుతూ, జీతంలో కొంచెం కొంచెం కూడబెట్టిన డబ్బది. ఆడదాని సంపాదన కర్టెన్లకు సరిపోతే చాలనేది మా అత్తగారు. ఇంట్లో దాని పేరు 'మార్లిస్ చిల్లర'. ఇప్పుడది చిల్లర కాదని తెలిశాక అందరికీ దానిమీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పెళ్లినాటికి నేను అదే యూనివర్సిటీలో రాళ్ల గురించి, నేల పొరల గురించి చదువుతున్నాను. ఇంకొక్క ఏడాది మిగిలింది. "ముందు నాది కానీ, తర్వాత నీ వంతు" అన్నాడు వెర్నన్. ఆయన థీసిస్ టైపు చేశాను, ఆ తర్వాత పుస్తకాలు. నా వంతు రాకుండానే నా జుట్టు నెరిసింది. ప్రతి పుస్తకంలోనూ సహోద్యోగులందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, చివర్న 'ఓపిగ్గా టైపు చేసిన నా భార్యకు' అని రాసేవాడు. నా పేరుండేది కాదు. అప్పట్లో నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

నేను పోయాక ఆ డబ్బు భర్తకు కాకుండా ఇంకెవరికి చెందాలన్నా, ఆ భర్తే ఒప్పుకుని నోటరీ ముందు సంతకం పెట్టాలట. వెర్నన్ వారమంతా సణిగాడు. అబ్బాయి ఏమనుకుంటాడన్నాడు. అబ్బాయికి ఈ ఇల్లుంది కదా అన్నాను. ఉన్నట్టుండి ఒక పొద్దున కాఫీ తాగుతూ మెత్తబడ్డాడు. తన పేరుమీద స్కాలర్‌షిప్ అంటే బాగానే ఉంటుందట, స్నేహితులకు చెప్పేశాడట కూడా.

నోరు మూసుకుంటే సంతకం దానంతటదే పడేది. కానీ ఆయన తెలిసే పెట్టాలి. నాకది కావాలి.

"నీ పేరు కాదు. నా పుట్టింటి పేరు. చదువు మధ్యలో మానేసి, మళ్లీ వచ్చే ఆడవాళ్లకు."

"మరి నేను?" అన్నాడు. జాలేసింది. అయినా మాట మార్చలేదు.

"ఏటా ఏప్రిల్లో పన్ను కాగితాలు తెచ్చి, ఇక్కడ సంతకం పెట్టు అని వేలు చూపించేవాడివి. తడి చేతులు తుడుచుకుని పెట్టేదాన్ని. ఒక్కసారైనా చదవనిచ్చావా? ఈ ఒక్కటీ నువ్వు పెట్టు."

వెర్నన్ లేచి కోటు తొడుక్కున్నాడు.

బ్యాంకులో నోటరీ అమ్మాయి కాగితం ముందుకు జరిపింది. గీత మీద నేను వేలు పెట్టాను.

"ఇక్కడ. కానీ ముందు చదువు, వెర్నన్. నాకేం తొందర లేదు."

కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. సంతకం పెట్టే గీత కింద తప్ప ఆయన పేరు ఇంకెక్కడా లేదు. కలం తీసుకున్నాడు.