నీలం చొక్కా

నడుంలోతు నీళ్లలో నిలబడి నూకన్న గుర్రపుడెక్క లాగుతున్నాడు. పొద్దున్నుంచి రెండు వానలు పడ్డాయి. మధ్యలో ఎండ వీపు మీద వాత పెడుతోంది. తొక్కుడు పడవలకి దారి కావాలి, కాబట్టి డెక్క పోవాలి. రోజుకి ఐదువందలు. చేతుల మీద లేచిన దద్దుర్లకి విడిగా ఏమీ ఇవ్వరు.

రేకుల కప్పు కింద, చెక్కరేవు మీద అతని బావమరిది అప్పలరాముడు నిలబడి ఉన్నాడు. నీలం చొక్కా, మెడలో ఈల. టూరిస్టుల్ని చెయ్యి పట్టి పడవలోకి దింపుతున్నాడు.

"దేఖియే మేడమ్, ఇక్కడి బాతుకి కంటి చుట్టూ తెల్ల కట్టుంటాది. ఈ దీవుల్లో తప్ప ఎక్కడో గాని దొరకదు. గుడ్లు చెట్టు తొర్రలో పెడతాది."

"వావ్, అంకుల్!" అంది ఆమె. ఫోను తీసి అతనితో ఫోటో దిగింది.

నూకన్న పళ్లు నూరుకున్నాడు. ఆ మాటలు తనవి. తెల్ల కట్టు సంగతి చెప్పింది తను. వీడు చిన్నప్పట్నుంచీ సముద్రం మీద తిరిగిన మనిషి, వల తప్ప ఏమీ ఎరగడు. పడవల కంట్రాక్టరు పనికి మనిషి కోసం వెతికినప్పుడు ఇద్దరూ వెళ్లారు. అప్పలరాముడు నవ్వుతాడని వాడికి చొక్కా ఇచ్చారు. నూకన్నకి నవ్వు రాదు. పెళ్లాం కామమ్మ పోయాక అసలే రాదు.

ఈ చెరువు ఒకప్పుడు చేలు. సునామీకి నేల కుంగి ఉప్పునీరు కమ్మింది. తరవాత గట్టు వేశారు. ఏళ్ల తరబడి వానలు ఉప్పుని కడిగేశాయి. రెల్లు మొలిచింది, పిట్టలొచ్చాయి. కామమ్మ పుట్టింటి పెరట్లోని పడాక్ చెట్టు మాత్రం నీళ్ల నడుమ మోడై నిలిచిపోయింది. ఒడ్డున తూటికూర కోసి కామమ్మ జంగ్లీఘాట్ బజారులో అమ్మేది. ఆ తరవాత బోర్డు పెట్టారు: కొయ్యకూడదు, వల వెయ్యకూడదు. కూర కట్టకి అడ్డం పడ్డ బోర్డు పడవలకి అడ్డం పడలేదు. చెరువు మధ్యన ప్లాస్టిక్ డబ్బాలు గుచ్చిన తాడు కట్టారు. ఇవతల పడవలు, అవతల పిట్టలు.

తాడుకవతల, ఆ పడాక్ మోడు తొర్రలో బాతు పొదుగుతోంది. ప్రతి వానాకాలం అక్కడే. ఆ సంగతి కామమ్మకి, తనకి తప్ప ఎవరికీ తెలియదు. అప్పలరాముడికి అన్నీ చెప్పిన నూకన్న అదొక్కటి చెప్పలేదు. తలుచుకున్నప్పుడల్లా కడుపులో చల్లగా ఉండేది.

మూడో వాన గట్టిగా పడింది. నూకన్న గట్టు చాటుకి పోయి తల దాచుకున్నాడు. వెలిసి వచ్చేసరికి రేవు మీద అప్పలరాముడు లేడు. కంట్రాక్టరు సూపర్‌వైజరు ఉమేష్ ఉన్నాడు. చేతిలో నీలం చొక్కా.

"నూకన్న అంకుల్, ఇధర్ ఆవో. రేపట్నుంచి ఇది నీది. నెలకి పదహారు వేలు. డెక్క ఛోడ్ దో."

నూకన్న రేవెక్కి, తడి ఒళ్లు తుడుచుకోకుండానే చొక్కా అందుకుని కుడిచెయ్యి తొడిగేశాడు. ఇంకా వెచ్చగా ఉంది. వాడి ఒంటి వేడి. ఆ వేడి కూడా అతనికి తియ్యగా తగిలింది.

"ఆడేటి తప్పు సేసినాడు?" అన్నాడు.

"అరే, చిన్న పని. ఫోటోగ్రాఫర్ల పార్టీ వస్తోంది. బాతు గూడు ఫోటో దగ్గర్నుంచి కావాలంటున్నారు. ఒక్కరోజు తాడు దించేస్తే ఎవరు చూస్తారు? వాడేమో, గూడు తెలుసు గాని చూపించను, అక్కడ మనిషి అలికిడైతే బాతు గుడ్లు వదిలేసి పోద్ది అన్నాడు. చొక్కా విప్పి ఇచ్చేశాడు. పాగల్! చెరువంతా నీకు తెలుసంటారుగా, నువ్వు చూపించు."

రెండో చెయ్యి తొడగబోతున్న నూకన్న ఆగిపోయాడు. వాడికి తెలుసు. ఎలా తెలుసు?

రెండో సంగతి ఇంకా మండించింది. కాదనే మాట కూడా వాడే ముందు అనేశాడు. ఇప్పుడు తను చూపిస్తే ద్రోహి, కాదంటే వాడి వెనక రెండోవాడు.

ఎడమ చెయ్యి గాలిలోనే ఉంది. మెల్లగా కుడిచెయ్యి బయటికి తీశాడు.

"నాకూ తెలుసు. నానూ సూపించను."

"క్యా అంకుల్! ఇద్దరూ కూడబలుక్కున్నారా?"

"ఆడితో నాకేటి కూడిక?" అని చొక్కా ఉమేష్ భుజాన పడేశాడు. "రేపు డెక్కలోకి ఒత్తాను."

"రావద్దు. డెక్క లాగడానికి మనుషులు బోలెడు."

గట్టు మీద అప్పలరాముడు బనీనుతో కూర్చుని ఉన్నాడు. నూకన్న బారెడు ఎడం వదిలి కూర్చున్నాడు.

"ఆ తొర్ర సంగతి నీకెవలు సెప్పినారు?"

"అక్కే, బావా. ఆస్పత్రిలో ఉన్నప్పుడు."

"నాకు తెలుసని సెప్పలేదా?"

"సెప్పింది." అప్పలరాముడు గడ్డిపరక తుంపాడు. "నువ్వూ కాపలా ఉండరా అంది. బావకి కోపమెక్కువ, ఎవలిమీదో ఉడుకుతో దాన్ని అమ్మేసినా అమ్మేత్తాడు అంది."

నూకన్న మోడు వైపు చూశాడు. తొర్ర నల్లగా, కదలకుండా ఉంది.

రేవు మీద ఉమేష్ ఫోనులో ఇంకెవరినో పిలుస్తున్నాడు. చొక్కాని మేకుకి తగిలించాడు.

"బావా," అన్నాడు అప్పలరాముడు అటే చూస్తూ, "ఆ సొక్కాకి ఒక్క సెయ్యే తడిసిందేటి?"

కుడిచెయ్యి చివరి నుంచి నీళ్లు చెక్కల మీద చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి.