జానెడు లోతు

"యూట్యూబ్‌ల ఆడోళ్లే ఏసుకుంటుండ్రే. నువ్వు పొద్దంత ఇంట్లనే ఉంటవ్ గద" అన్నాడు మా ఆయన సంగమేశ్వర్, నేల మీద పరిచే పేవర్ ఇటుకలు పెరట్లో దింపి ట్రాక్టరు వెళ్లిపోయాక.

పొద్దంతా ఇంట్లో ఉండే నేను ఆశా వర్కర్‌ని. మెడలో కార్డు మీద అరుణజ్యోతి, ఇంట్లో 'ఏమే'. నారాయణఖేడ్‌లో రెండు వాడల గర్భిణులు నా బాధ్యత. పొద్దున వండిపెట్టి పోతాను, మధ్యాహ్నం వచ్చి అత్తమ్మకు అన్నం పెట్టి మళ్లీ పోతాను. మా ఆయన దృష్టిలో అది తిరుగుడు. ఎరువుల దుకాణంలో ఫ్యాను కింద కూర్చోవడం పని.

పేవర్లు ఎందుకంటే, ఆదివారాలు ఆయన దోస్తులు పెరట్లో కూర్చుంటారు. మాది నల్లరేగడి నేల. నాలుగు చినుకులు పడితే చాలు, ప్లాస్టిక్ కుర్చీల కాళ్లు దిగబడతాయి. పోయిన వానల్లో ఒక పెద్దమనిషి కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. పడ్డాయన నవ్వాడు గానీ మా ఆయనకు ఇజ్జత్ పోయింది. అందుకని ఫోన్‌లో వీడియో పెట్టి నాకు పని ఒప్పజెప్పాడు. జానెడు లోతు తవ్వాలి. రాతి పొడి పోసి దిమ్మిస కొట్టాలి. పైన ఇసుక పరచాలి. దాని మీద ఇటుకలు పేర్చి రబ్బరు సుత్తెతో మెల్లగా కూర్చోబెట్టాలి.

"ఇద్దరు కూలోళ్లను పెట్టరాదురా" అన్నది అత్తమ్మ చంద్రమ్మ.

"వద్దు, నేనే చేస్త" అన్నాను. ఇద్దరూ నన్ను వింతగా చూశారు.

ఆయన చెప్పాడని ఒప్పుకోలేదు నేను. ఆ మట్టిలో ఎక్కడో నా మొదటి బిడ్డ ఉంది. పరాయివాళ్ల పార అక్కడ పడటం నాకిష్టం లేదు.

ఇరవై ఒక్క ఏళ్లయింది. ఎనిమిదో నెల, కంది కోతల రోజులు. నడుము లాగుతున్నదంటే "మేం కనలేదా, పని చేస్తెనే కాన్పు సులువైతది" అన్నది అత్తమ్మ. మూడో మోపు ఎత్తుకున్నప్పుడు నొప్పులు మొదలయ్యాయి. ఇంట్లోనే కాన్పు. ఏడుపు వినపడలేదు. ఏం పుట్టిందని అడిగితే మంత్రసాని "ఆడపిల్ల" అన్నది, ఇంకేం చెప్పలేదు. మొహం చూపించమన్నాను. "చూస్తే మనాది పెట్టుకుంటవ్" అని గుడ్డలో చుట్టి వెనక తలుపు గుండా తీసుకుపోయారు. మూడో రోజు గోడ పట్టుకుని పెరట్లోకి పోతే, నేలంతా పేడతో అలికి ఉంది. ఎక్కడా గుర్తు లేదు. "ఆడపిల్లనే గద, ఇంకోటి అయితది తియ్యి" అన్నాడు మా ఆయన, ఓదార్చాలనే. తర్వాత కొడుకు పుట్టాడు. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఊళ్లో ఆడవాళ్లందరినీ అదే అడుగుతుంటాను. ఎన్నో కాన్పు, బతికున్నవాళ్లు ఎందరు. నా రిజిస్టర్‌లో రెండు గళ్లు, రెండు అంకెలు. నన్నెవరైనా అడిగితే ఒక్కడే కొడుకు అంటాను.

పార పట్టుకోలేదు. కలుపు తీసే కుర్పీతో కూర్చుని తవ్వాను. ఇన్నేళ్లకు ఆ నేలలో ఏమీ మిగలదని నాకు తెలుసు. అయినా చెయ్యి గట్టిగా పడలేదు. "పల్లికాయ ఏరుతున్నవా? గిట్లయితే దీపావళికి గూడ కాదు" అని నవ్వాడు మా ఆయన, బండి స్టార్టు చేస్తూ.

మూడో రోజుకు పెరడంతా తవ్వడమయింది, ఒక్క మూల తప్ప. అత్తమ్మ వెనక గడపలో కందులు చెరుగుతున్నది.

"అత్తమ్మా, ఏడ పెట్టిండ్రో చెప్పు. రేపు ఇటుకలు పరిస్తే ఇగ అడగ."

చాట ఆగింది. దేని గురించని అడగలేదు.

"మర్శిపోయిన."

"మర్శిపోలే నువ్వు."

చాలాసేపు కందుల్లో రాళ్లు వెతికింది. తర్వాత గడ్డంతో చూపించింది, ఆ మూలన నేను గిన్నెలు తోమే బండ దిక్కు.

"కుక్కలు తీస్తయని పైన బండ ఏశ్న. నేనూ మంత్రసాని దొర్లిచ్చినం."

నేను బాలింతగా లేచేసరికి ఆ బండ అక్కడుంది, గిన్నెలు తోమడానికి వేశారనుకున్నాను. నీళ్ల నల్లాకు దూరం. దగ్గరికి జరుపుదామని ఎన్నిసార్లు అడిగానో. "ఆడ్నే ఉండాలె" అనేది. కోడలి మీద పెత్తనం అనుకున్నాను. ఇరవై ఒక్క ఏళ్లు అక్కడే కూర్చున్నాను. ఎంగిలి నీళ్లు, మాడిన గిన్నెల నీళ్లు, గంజి, అన్నీ అక్కడే పోశాను. కొడుకు కడుపులో ఉన్నప్పుడు వేవిళ్లకు అక్కడే కక్కుకున్నాను. ఎవరూ చూడని చోటు అదొక్కటే కాబట్టి, ఆ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎక్కడుందో అనుకుంటూ ఏడ్చాను.

"మరి నాకెందుకు చెప్పకపోతివి?"

"చెప్తె నువ్వు గాడ కూసొని గిన్నెలు తోముతుంటివా?"

కోపంగా అనలేదు. పప్పులో ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అన్నది. అని మళ్లీ చాట అందుకుంది. కొన్ని కందులు చాట దాటి కింద పడ్డాయి. ఏరుకోలేదు.

గడ్డపార పెట్టి ఒక్కదాన్నే బండ దొర్లించాను. కింద మట్టి నల్లగా, తడిగా, మెత్తగా ఉంది. దాన్ని తవ్వలేదు. చుట్టూ ఇటుకలు నిలువుగా నాటి అంచు కట్టాను. మిగతా పెరడంతా రెండు రోజుల్లో పరిచేశాను.

శనివారం సాయంత్రం మా ఆయన వచ్చి కొత్త నేల మీద చెప్పులతో నాలుగు దిక్కులా నడిచాడు. బాగుందన్నాడు. మూలకు వచ్చి ఆగాడు.

"గిదేంది, గిట్ల ఇడిశిపెట్టినవ్? ఇటుకలు తక్కువైనయా?"

"గాడ మన పెద్దబిడ్డ ఉంది."

"ఎవలు?" అన్నాడు.

కొంచెంసేపటికి ఆయనకే గుర్తొచ్చింది. మొహం వాడింది. వెనక్కి రెండడుగులు వేసి, గొంతు తగ్గించాడు.

"రేపు వచ్చేటోళ్లకు చెప్పకు. కూసున్నోళ్లు లేశిపోతరు."

లోపలికి పోయాడు. టీవీ పెట్టిన చప్పుడయింది.

నల్లా పక్కన మధ్యాహ్నం గిన్నెలు గుట్టగా పడి ఉన్నాయి. ఈగలు ముసురుతున్నాయి. నేను పోయి ఆ మట్టి పక్కన కూర్చున్నాను. చేతిలో పీచు లేదు, బూడిద లేదు. వట్టి చేతులతో ఆ పెరట్లో కూర్చోవడం నాకు తెలిసి అదే మొదలు. మట్టి మీద అరచెయ్యి పెట్టాను. ఏం పేరు పెట్టాలో ఇంకా తోచలేదు.

"అరుణా" అని పిలిచింది అత్తమ్మ గడపలోంచి. "పొద్దుగూకుతుంది. గిన్నెలు?"

ఆమె గిన్నెల దిక్కు చూసింది. నా దిక్కు చూసింది.

నేను లేవలేదు.