రెండో కనుబొమ్మ

"ఈ వయసులో లెన్సులెందుకే? ఎవరిని మురిపించాలని?" అన్నాడు మొగుడుగారు, పేపర్లోంచి తల ఎత్తకుండానే. అత్తగారు వెంటనే గొంతు కలిపింది. "మాకూ వచ్చింది తల్లీ చత్వారం. నోరు మూసుకుని కళ్ళజోడు పెట్టుకున్నాం."

పెట్టుకోకేం, కోడలూ పెట్టుకుంది! కానీ ఆమె పని పార్లర్లో కనుబొమ్మలు తీయడం. దారం కొస పంటితో బిగబట్టి, రెండు చేతులతో మెలితిప్పుతూ, కుర్చీలో వాలిన మొహం మీదికి వంగాలి. వంగిందో లేదో కళ్ళజోడు జారుతుంది. మొన్న జారి ఏకంగా ఒక పెళ్ళికూతురి చెంప మీద పడింది. ఆ పిల్ల కెవ్వుమంది. దారం పక్కకి పోయి కనుబొమ్మ కొస కాస్తా ఊడి చక్కా వచ్చింది. "అక్కా, ఇంకోసారి ఇలా అయితే ఆ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చేస్తా. నువ్వు తువ్వాళ్ళు ఉతుకుదువుగాని" అంది ఓనరమ్మ. తువ్వాళ్ళు ఇంట్లో ఎలాగూ ఉతుకుతూనే ఉంది, మెప్పూ లేకుండా, సెలవూ లేకుండా. ఈ లోకంలో తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క కుర్చీ. అదీ పోతే ఇంకేం మిగులుతుంది?

అందుకే ఆదివారం వంట ముగించి, అన్నీ టేబుల్ మీద సర్ది, చడీచప్పుడు లేకుండా కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"రోజంతా మీరు దేన్ని చూస్తారండీ? ఎంత దూరంలో?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆమె తెల్లబోయింది. ఇంతవరకూ ఆ ప్రశ్న ఎవరూ అడిగిన పాపాన పోలేదు. మొహం ముందు జానెడు దూరంలో చెయ్యి పెట్టి, "ఇక్కడండీ. ఒక్కో వెంట్రుకా" అంది.

డాక్టరమ్మ పెట్టి చూసిన మొదటి లెన్సుల జత దూరానికీ దగ్గరకీ కలిపి చేసినది. గోడ మీది అక్షరాలు బాగానే ఉన్నాయి గానీ అరచేతి గీతలు అలుక్కుపోయాయి. రెండో జతలో ఒక కంటిది దూరానికి, ఇంకో కంటిది దగ్గరకి. ముందు తల తిరిగినట్టయింది. కాసేపు అటూ ఇటూ నడిచాక సర్దుకుంది.

"అక్షరాలు చదివితే ఏం తెలుస్తుంది? మీ పని చేసి చూడండి." డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. "నావే తీయండి. చాన్నాళ్ళయింది."

"మొన్ననే నా చేతిలో ఒకమ్మాయి కనుబొమ్మ పాడైందండీ" అంది ఆమె, దాచలేక.

"పోతే మళ్ళీ మొలుస్తుంది లెండి. కానివ్వండి."

ఆమె సంచిలోంచి దారపుండ తీసింది. తప్పు చేశానని చెప్పినా సరే, ఒక మనిషి తన మొహాన్ని ఆమె చేతుల్లో పెట్టింది. నీ కడుపు చల్లగుండ తల్లీ, అనుకుంది. వంగింది. అబ్బ, ఎన్నాళ్ళయింది ఇలా చూసి! సన్న వెంట్రుకతో సహా మొదలంటా కనిపిస్తోంది. కాసేపటికి ఎడమ కనుబొమ్మ గీత గీసినట్టు తయారైంది.

డాక్టరమ్మ అద్దంలో చూసుకుని మురిసిపోయింది. "మరి ఏ జత?"

"ఇదేనండీ. మీ మేలు మర్చిపోను."

ఫోన్ మోగింది. మొగుడుగారు. "ఎక్కడున్నావ్? నా కళ్ళజోడు కనబడి చావట్లేదు. వచ్చి వెతికిపెట్టు."

వెళ్ళాలనిపించలేదు. చిత్రంగా, కోపం కూడా రాలేదు.

"మీరే వెతుక్కోండి" అంది నెమ్మదిగా. "నాకింకో కనుబొమ్మ మిగిలుంది."