పోటీలో పూలకుండీ

ఆ వాతావరణ ఆఫీసులో ఏడాది మార్కుల్లో ముందున్నవాళ్లదే రేడియోలో సాయంత్రం వాతావరణం చెప్పే కుర్చీ. మేనకోడలికి ఆ కుర్చీలో కూర్చోవాలని మహా ఆశ. ఏళ్ల తరబడి అందులో పాతుకుపోయింది మాత్రం ఆమె సొంత మేనమామే. చిన్నప్పుడు ఆమెను వేలు పట్టుకుని నడిపించి, మబ్బుల పేర్లు నేర్పింది కూడా ఆయనే.

మావయ్య పద్ధతి చాలా సుఖమైనది. వానలు తక్కువ పడే ఊరు కదా, ఏడాది పొడుగునా రేపు వాన లేదనేసి కాళ్లు బార్లా చాపుకుంటాడు. చెప్పింది జరిగితే మార్కు, జరగకపోతే లేదు, అంతే లెక్క. ఇంకేం, ఎప్పుడూ ఫస్టు ఆయనే! పాపం మేనకోడలు మబ్బులతో కుస్తీ పట్టి వాన వస్తుందని హెచ్చరిస్తుంది. అది రాలేదంటే మార్కు పోయినట్టే. ఇంత అన్యాయం ఎక్కడైనా ఉందా?

ఆమెకు ఒళ్లు మండింది. ఈ ఏడాది కిటికీలోని పూలకుండీని కూడా పోటీలో చేర్చింది. కుండీ నోరు విప్పదు గనక రోజూ వాన లేదన్నట్టే రాసుకుంది. చివరికి మార్కులు కూడితే మావయ్యా, కుండీగారూ సరిసమానంగా ఫస్టు వచ్చారు. ఆఫీసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆఫీసరమ్మ నవ్వు ఆపుకుని, మరి ఎలా లెక్కకట్టాలని అడిగింది.

పడ్డ వానల్లో ఎంత వంతు ముందే చెప్పామో చూడాలనీ, వాన పడని రోజుల్లో ఎంత వంతు ఊరికే బెదిరించామో అందులోంచి తీసేయాలనీ మేనకోడలు చెప్పింది. అలా చూస్తే కుండీకి సున్నా. మావయ్యకూ సున్నాయే. ఆమె మాత్రం చాలా వానల్ని ముందే పట్టుకుంది, ఊరికే బెదిరించింది ఏ కొన్నిసార్లో.

మావయ్య ముఖం పాలిపోయింది. అది చూసి ఆమె నొచ్చుకుంది. గెలవాలనుకుంది గానీ, పెంచిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చాలనుకుందా?

ఆయన మెల్లగా లేచాడు. తన కుర్చీ తానే లాగి, ఆమెను కూర్చోబెట్టాడు.

"తప్పు చెబుతానేమోనని భయపడి, ఇన్నేళ్లలో ఒక్క వాననీ చెప్పలేదే. ఎంతమందిని తడిపానో ఏమో. నువ్వు చెప్పు తల్లీ."

ఆ సాయంత్రం ఆమె గొంతు సవరించుకుని, రేపు వాన పడే అవకాశం ఎక్కువని రేడియోలో చెప్పింది.

మర్నాడు ఎండ విరగ్గాసింది. మావయ్య గొడుగు వేసుకుని, నడివీధిలో తలెత్తుకుని ఆఫీసుకొచ్చాడు. నవ్విన ప్రతి మనిషినీ ఆపి, మా అమ్మాయి చెప్పిందండీ అని చెప్పుకుంటూ వచ్చాడట.